రెండు ఆవర్జాల రాత్రి

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ కొట్టు. బిల్లులన్నీ మోసే కంప్యూటర్ మెట్ల కింద, ఫినాయిల్ డబ్బాల పక్కన ఉండేది. తొమ్మిదేళ్ల పాతది. లోపలి హార్డ్ డిస్కు అప్పుడప్పుడూ టిక్కు టిక్కుమని గోడ మీద బల్లిలా పలికేది. ఆ పలుకు విన్న అనుభవం ఉన్నవాళ్లకి తెలుసు, ఇక దానికి రోజులు దగ్గరపడ్డాయని. కొత్త మిషన్ కొన్నారు. “ఇందులోది అందులోకి మార్చాలి, అంతేగా?” అన్నారు యజమాని. నేనూ అంతే అనుకున్నాను.

మధ్యాహ్నం వేళ. కౌంటర్‌లో కుర్రాడు బిల్లులు కొడుతూనే ఉన్నాడు. నేను డేటాబేస్ ఫోల్డర్ పట్టుకుని కాపీ పెట్టాను. నలభై నిమిషాల్లో నూరు శాతం అయింది. ఎర్ర అక్షరం ఒక్కటీ కనిపించలేదు. కొత్త మిషన్ మీద తెరిస్తే తెరుచుకుంది కూడా. టీ తాగి ఇంటికి పోయాను.

మర్నాడు ఒక బిల్లు తీస్తే పైన మెడికల్ షాపు పేరు ఉంది, కింద మొత్తం ఉంది, మధ్యలో మందులు లేవు. అలాంటివి వెతికితే ఇంకో డజను దొరికాయి. అన్నీ నిన్న మధ్యాహ్నం, నేను కాపీ పెట్టిన ఆ నలభై నిమిషాల్లో కొట్టినవే. పాత డిస్కు ఇంకా బతికే ఉంది కాబట్టి పరువు దక్కింది.

నేను చేసిన తప్పు అర్థం కావాలంటే ఫోన్‌లో తీసే పనోరమా ఫొటో గుర్తు తెచ్చుకుంటే చాలు. పెళ్లిలో చుట్టాలందరినీ వరసగా నిలబెట్టి, ఫోన్‌ని ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పుతాం. ఎడమ చివరనున్న అల్లరి పిల్లాడు వెనక నుంచి పరిగెత్తి కుడి చివర దూరాడంటే ఫొటోలో రెండుసార్లు పడతాడు. అటు నుంచి ఇటు పరిగెత్తితే అసలు పడకుండానే పోవచ్చు. ఫోన్ అబద్ధమాడలేదు. ఫొటోలో ప్రతి ముక్కా నిజమే, కానీ ఒక్కో ముక్క ఒక్కో క్షణానిది. నా కాపీ కూడా అలాంటి పనోరమాయే. మందుల వివరాలుండే ఫైలు రెండుంపావుకి కాపీ అయింది. బిల్లు తలకట్టు ఉండే ఫైలు రెండూ నలభైకి అయింది. ఆ మధ్యలో కొట్టిన బిల్లులకి తల వచ్చింది, మొండెం రాలేదు.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. నడుస్తున్న డేటాబేస్ విషయంలో, డిస్కు మీదున్న ఫైళ్లే డేటాబేస్ అనుకోవడమే పొరపాటు. డేటాబేస్ తన సరుకుని పేజీలుగా కోసి పెట్టుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మామూలుగా ఒక్కో పేజీ 8 కిలోబైట్లు, మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీలో 16 కిలోబైట్లు. ఏదైనా మార్పు వస్తే ఆ పేజీని మెమరీలోకి తెచ్చి అక్కడ మారుస్తుంది. డిస్కు మీది పేజీని తర్వాత, తీరిగ్గా సరిచేస్తుంది. అంటే ఏ క్షణంలో చూసినా డిస్కు మీది ఫైలు కొంత పాతబడే ఉంటుంది. మరి ఈలోపు కరెంటు పోతే?

దీనికి జవాబు మన పాత షావుకార్లకి తెలుసు. గుమాస్తా ముందు చిట్టా రాస్తాడు. ఎవరు, ఎంత, ఏ వేళ, అన్నీ జరిగిన వరసలోనే. వీలు చూసుకుని చిట్టాలోంచి ఆవర్జాలోకి ఎక్కిస్తాడు, ఎవరి ఖాతా వాళ్లకి విడదీసి. మధ్యాహ్నం మూడింటికి ఆవర్జా తెరిస్తే అందులో పొద్దుటి సంగతే ఉండొచ్చు. అయినా ఎవరూ కంగారుపడరు, చిట్టా ఉంది కనుక. డేటాబేస్ చేసేదీ ఇదే. మార్పు వచ్చిన వెంటనే దాన్ని ఒక లాగ్ ఫైలు చివర రాస్తుంది. ఆ రాత డిస్కు మీద పడ్డాకే “మీ లావాదేవీ అయింది” అని చెబుతుంది. పేజీల్లోకి ఎక్కించడం తర్వాతి పని. పోస్ట్‌గ్రెస్ వాళ్లు ఈ చిట్టాని వాల్ అంటారు, ఇన్నోడీబీలో దాని పేరు రీడూ లాగ్. లావాదేవీ అనే భావనకి శాస్త్రీయమైన రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు జిమ్ గ్రే, 1998లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. చిట్టాని చదువుకుంటూ పడిపోయిన డేటాబేస్‌ని తిరిగి నిలబెట్టే పద్ధతుల్లో బాగా పేరు పడ్డది ఏరీస్. దాన్ని 1992లో ఐబీఎం పరిశోధకుడు సి. మోహన్ తన సహచరులతో కలిసి ప్రచురించాడు. ఆయన ఐఐటీ మద్రాసులో చదువుకున్నవాడు.

ఈ చిట్టా-ఆవర్జా సంగతి తెలిస్తే తరలింపులో సగం గుట్టు తెలిసినట్టే. కౌంటర్ ఆపకుండా కాపీ చేయాలంటే ముందు చిట్టాలో ఇప్పుడు ఏ పంక్తి దగ్గరున్నామో గుర్తు పెట్టుకోవాలి. ఆ తర్వాత ఫైళ్లన్నీ కాపీ చేయాలి. అవి పనోరమాలా అతుకులబొంతగానే వస్తాయి, రానివ్వాలి. కాపీ పూర్తయ్యాక, గుర్తు పెట్టుకున్న పంక్తి నుంచి ఇప్పటిదాకా రాసిన చిట్టా మొత్తాన్నీ పట్టుకెళ్లి కొత్త మిషన్ మీద మళ్లీ ఎక్కించాలి. రెండుసార్లు పడ్డ పిల్లాడూ అసలు పడని పిల్లాడూ ఇద్దరూ అప్పుడు తమ చోట్లోకి వస్తారు. పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే బేస్ బ్యాకప్ పనిముట్టు చేసేది ఇదే. నేను ఆ పనిముట్టుని వదిలేసి ఫోల్డర్‌ని మౌస్‌తో లాగాను.

ఇంకాస్త ముందుకెళ్తే, చిట్టాని ఒక్కసారి తీసుకెళ్లి ఊరుకోకుండా, రాస్తున్న ప్రతి పంక్తినీ వెంటవెంటనే కొత్త మిషన్‌కి పంపిస్తూ ఉండొచ్చు. దాన్నే రెప్లికేషన్ అంటారు. కొత్త మిషన్ పాతదాని నీడలా ఒకటి రెండు క్షణాల వెనక నడుస్తుంటుంది. అలా ఎన్ని రోజులైనా నడవనివ్వొచ్చు. అన్నీ సరిగ్గా ఉన్నాయనిపించిన రాత్రి పాతదాన్ని ఆపి, చివరి పంక్తి కొత్తదానికి చేరిందో లేదో చూసుకుని, “ఇకనుంచి నువ్వే అసలు” అని చెప్పాలి. కొట్టు మూసి ఉండాల్సింది నిమిషమో రెండు నిమిషాలో. పది టెరాబైట్ల సరుకుని సెకనుకి 100 మెగాబిట్ల లైను మీద పంపితే తొమ్మిది రోజులు దాటుతుంది. ఆ తొమ్మిది రోజులూ కొట్టు మూయలేం కదా. అంత సరుకైతే డిస్కుని సంచిలో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కడమే వేగమైన నెట్‌వర్కు. వెళ్లే దారిలో పోగైన చిట్టాని లైను మీద తెప్పించుకోవచ్చు. ఇది హాస్యానికి చెప్పడం లేదు. అమెజాన్ 2015 నుంచి ఇందుకోసమే పెట్టెల్లో డిస్కులు పంపే సేవ నడిపింది.

ఇదంతా గిడ్డంగిని ఇటుకలతో సహా ఎత్తుకెళ్లే పద్ధతి. ఇంకో పద్ధతిలో సరుకంతా కాగితం మీద రాయించుకుంటాం. “ఈ పట్టిక కట్టు, ఇందులో ఈ వరస పెట్టు” అని సూచనల జాబితాగా. దాన్ని డంప్ అంటారు. కొత్తచోట ఆ జాబితా చదువుకుంటూ మొదటి నుంచి కట్టుకుంటారు. ఇటుకల పద్ధతిలో వేగం ఉంది కానీ రెండుచోట్లా డేటాబేస్ వెర్షన్ ఒకటే కావాలి, ప్రాసెసర్ జాతి కలవాలి. డంప్ నిదానం, పెద్ద డేటాబేస్‌కి గంటలు, రోజులు కూడా. కానీ వెర్షన్ మారినా, మిషన్ మారినా నడుస్తుంది. చిన్న కొట్టు డేటాబేస్‌కి నేనిప్పుడు రాత్రిపూట కౌంటర్ మూసి డంప్ తీయమనే చెబుతాను. తెలివితేటలు చూపించాల్సిన చోటు కాదది.

ఇటుకలతో సహా ఎత్తుకెళ్లినప్పుడు పొంచి ఉండే ప్రమాదం ఒకటి చెప్పాలి. ఎందుకంటే దీనికి చప్పుడుండదు.

ఒక తెలుగు నిఘంటువు తీసి ‘క్షేమం’ వెతకండి. గోడకి వేలాడే వర్ణమాల పటంలో ‘క్ష’ చివర్లో ఉంటుంది. నిఘంటువులో మాత్రం ‘క’లో కలిసి ఉంటుంది. పటం ప్రకారం నేర్చుకున్న పిల్లాడు నిఘంటువు చివరి పేజీలు తిరగేసి, “ఈ మాట ఇందులో లేదు” అని తీర్మానించేస్తాడు. మాట ఉంది. వెతికినవాడి వరస వేరు, పేర్చినవాడి వరస వేరు. డేటాబేస్‌లో ఇండెక్స్ కూడా ఇలాంటి నిఘంటువే. ఏ అక్షరం ముందు, ఏది వెనక అన్న సంగతి పోస్ట్‌గ్రెస్ చాలాచోట్ల తాను తేల్చుకోదు, లైనక్స్‌లోని గ్లిబ్‌సీ అనే లైబ్రరీని అడుగుతుంది. 2018 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సీ 2.28లో ఆ వరస మారింది. మన ఇంటి నంబర్లే తీసుకోండి. అమెరికన్ ఇంగ్లీషు వరసలో పాత గ్లిబ్‌సీ ‘11’ని ముందు పెట్టి ‘1-1’ని తర్వాత పెట్టేది. కొత్తది ‘1-1’ ముందంటుంది. పాత లైనక్స్ మీద పేర్చిన ఇండెక్స్‌ని ఉన్నదున్నట్టుగా కొత్త లైనక్స్ మీదికి తెచ్చి పెడితే, వెతికేవాడు తప్పు పేజీలు తిరగేస్తాడు. డోర్ నంబర్ ఉంటుంది కానీ దొరకదు. అంతకన్నా ఘోరం ఏమిటంటే, ఒకే నంబరు రెండుసార్లు ఉండకూడదన్న కట్టుబాటు కూడా ఈ ఇండెక్స్‌నే నమ్ముకుని ఉంటుంది. “ఇది ముందే ఉందా?” అని అడిగితే లేదంటుంది, రెండోసారి ఎక్కించేస్తుంది. కాపీలో ఒక్క బైటు తేడా లేదు. చెక్‌సమ్ కలుస్తుంది. మారింది కాపీ కాదు, దాని చుట్టూ ఉన్న లోకం. మందు సులువే. చేరాక ఇండెక్స్‌లన్నీ మళ్లీ కట్టించాలి. కట్టించాలని తెలియడమే కష్టం.

డంప్ పద్ధతిలో ఈ బెడద లేదు, ఇండెక్స్ అక్కడికక్కడే కొత్తగా కడతారు కాబట్టి. దాని బాధ వేరు. అందులోనూ తెలుగులో రాసుకునే వాళ్లకి.

‘లక్ష్మి’ అని రాయండి. మన లెక్కలో రెండక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటీ మూడు బైట్లు తింటుంది. మొత్తం 21 బైట్లు. పాత డేటాబేస్‌లో పేరుకి ఇరవై అక్షరాల చోటు ఉందనుకోండి. కొత్తచోట అదే ఇరవైని బైట్లుగా లెక్కపెట్టే సెట్టింగు ఉంటే, రెండక్షరాల లక్ష్మికి ఆ గదిలో చోటు చాలదు. కొన్ని డేటాబేస్‌లు గోల చేసి పని ఆపేస్తాయి, వాటికి దణ్ణం పెట్టాలి. పాత మైఎస్‌క్యూఎల్ సెట్టింగుల్లో లాగా కొన్ని మాత్రం చిన్న హెచ్చరిక ఒకటి పడేసి తోక కోసేసేవి. లక్ష్మి ‘లక్ష్మ’ అయ్యేది. రేషన్ కార్డులో అలా పడితే సరిచేయించుకోవడానికి ఎన్నిసార్లు తిరగాలో చదువరులకి చెప్పక్కర్లేదు.

అక్షరాలు గజిబిజి కావడం కూడా చాలామంది చూసే ఉంటారు. తెలుగు సంకేతాలన్నీ యూటీఎఫ్-8లో ఒకే బైటుతో మొదలవుతాయి. ఆ బైట్లని లాటిన్-1గా చదివితే నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, దాని పక్కన డిగ్రీల గుర్తు లాంటి చిన్న సున్నా, లేదా ప్లస్సూ మైనస్సూ కలిసిన గుర్తు, ఇవే వరస కట్టి కనిపిస్తాయి. తెర నిండా అవి కనిపిస్తే నేనైతే ఊపిరి పీల్చుకుంటాను. ఎందుకంటే బైట్లు భద్రంగా ఉన్నాయి, చదివే కళ్లజోడు మాత్రమే తప్పు. మార్చుకుంటే తెలుగు తిరిగొస్తుంది. అదే ప్రశ్నార్థకాలు వరసగా కనిపిస్తే గుండె జారుతుంది. తెలుగు తెలియని చోటికి మార్చబోయి, కుదరక, డేటాబేస్ ప్రతి అక్షరం బదులూ ప్రశ్నార్థకం రాసేసిందన్నమాట. అది చదవడంలో పొరపాటు కాదు, రాయడంలో జరిగిన నష్టం. ఆ కాపీలోంచి ఇక తెలుగు రాదు, పాత మిషన్ దగ్గరికే పోవాలి.

ఈ ‘పాత మిషన్ దగ్గరికి పోవాలి’ అన్నది వ్యాసంలో ఇప్పటికి రెండోసారి వచ్చింది. అది ఊరికే రాలేదు, దాని సంగతి చివర్లో.

డేటాబేస్ పక్కనే మరో సామాను ఉంటుంది, ఎక్కువమంది మరిచేది అదే. స్కాన్ చేసిన రసీదులు, ఫొటోలు, పీడీఎఫ్‌లు. డేటాబేస్‌లో వాటి చిరునామా మాత్రమే ఉంటుంది, అసలు ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో, చాలాసార్లు వేరే డిస్కులో ఉంటాయి. వీటిని తరలించడానికి వాడుకలో ఉన్న పనిముట్టు ఆర్‌సింక్. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ 1996లో దాన్ని తయారుచేశారు. మొదటి విడత అన్నీ మోస్తుంది. రెండోసారి నడిపితే మారినవి మాత్రమే మోస్తుంది. కాబట్టి కొట్టు నడుస్తుండగానే ఒకసారి నడిపి, మూశాక ఇంకోసారి నడిపితే ఆ రెండోది చిటికెలో అవుతుంది. కాకపోతే అది మామూలుగా ఫైలు సైజూ, మార్చిన సమయం మాత్రమే చూసి ‘మారలేదు’ అనుకుంటుంది. లోపలి సరుకుని కూడా పోల్చమని విడిగా చెప్పాలి. వరస కూడా ముఖ్యం. ముందు డేటాబేస్, తర్వాత ఫైళ్లు. అలా చేస్తే డేటాబేస్‌లో పేరున్న ప్రతి ఫైలూ దొరుకుతుంది, మధ్యలో ఎవరూ చెరిపేయకపోతే. నాలుగు ఫైళ్లు అదనంగా వచ్చినా నష్టం లేదు. తిరగేసి చేస్తే చిరునామాలుంటాయి, ఇళ్లుండవు.

ఇళ్లు లేకుండా పోయిన కథల్లో చాలా పెద్దది మైస్పేస్‌ది. ఫేస్‌బుక్‌కి ముందు కాలంలో కుర్ర సంగీతకారులు తమ పాటలన్నీ పెట్టుకున్న చోటది. సర్వర్ల తరలింపులో పాత పాటలు, ఫొటోలు, వీడియోలు పోయాయని 2019లో ఆ సంస్థ ఒప్పుకుంది. 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు, అయిదు కోట్లకు పైగా అని అప్పటి వార్తలు. ఎవరో పరిశోధన కోసం ముందెప్పుడో దింపుకున్న సుమారు 4,90,000 పాటలు మాత్రం తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. మిగతా పాటల్లో చాలావాటికి మైస్పేస్‌లో పోయిన కాపీయే ఏకైక కాపీ కావచ్చు.

“బ్యాకప్ ఉంది కదా” అంటారు. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థ వాళ్లు కూడా అదే అనుకున్నారు. 2017 జనవరి 31 రాత్రి. వాళ్ల అసలు డేటాబేస్‌కి నీడగా నడుస్తున్న రెండో మిషన్ వెనకబడిపోయింది, చిట్టా అందుకోలేక. ఒక ఇంజనీరు దాన్ని మొదటి నుంచి నింపాలని చూశాడు. బేస్ బ్యాకప్ పనిముట్టు మొదలై, ఏమీ మాట్లాడకుండా అలా నిలబడిపోయింది. నిజానికి అది అసలు మిషన్ ఒక చెక్‌పాయింట్ (మెమరీలో మారిన పేజీలని డిస్కు మీదికి ఎక్కించే పని) పూర్తి చేయడం కోసం ఎదురుచూస్తోంది, కానీ ఆ ముక్క తెర మీద చెప్పలేదు. రెండో మిషన్‌లో మిగిలిన పాత ఫైళ్లే అడ్డమేమో అనుకుని ఆయన ఆ ఫోల్డర్‌ని తుడిచేశాడు. ఒకటి రెండు క్షణాల్లో గుండె ఝల్లుమంది. తుడిచింది రెండో మిషన్‌లో కాదు, అసలుదానిలో. ఆపేసరికి 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలింది.

సరే, బ్యాకప్. రోజూ డంప్ తీసి క్లౌడ్‌లో దాచే ఏర్పాటుంది. తెరిచి చూస్తే అక్కడ ఏమీ లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్, డంప్ తీసే పనిముట్టు 9.2. పాతది కొత్తదాన్ని చదవలేక రోజూ విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని ఈమెయిల్ కూడా పంపుతూనే వచ్చింది. ఆ మెయిళ్లకి సంతకం లేదని అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొట్టేసింది. డిస్కు స్నాప్‌షాట్ల సదుపాయం ఉంది, డేటాబేస్ మిషన్లకి మాత్రం పెట్టలేదు. చివరికి దక్కింది, అదే ఇంజనీరు వేరే పని కోసం ఆరు గంటల ముందు యథాలాపంగా తీసుకున్న ఒక కాపీ. అది నెమ్మది డిస్కుల మీద ఉండటంతో తిరిగి మోయడానికి పద్దెనిమిది గంటలు పట్టింది. ఆ ఆరు గంటల్లో జనం రాసుకున్నది పోయింది. మరమ్మతు జరుగుతున్నంతసేపూ వాళ్లు దాన్ని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, జరిగిందంతా దాచకుండా రాశారు. నాకు ఆ సంస్థ మీద గౌరవం పెరిగింది ఆ రోజే. ఆ కథ చదివాక నా తెరలో అసలు మిషన్ విండోకి ఎర్ర రంగు వేసుకున్నాను. ఇప్పటికీ అంతే.

పైన చెప్పినవన్నీ మోతలో వచ్చే తిప్పలు. నాకు ఎక్కువ భయం మోతంటే కాదు, మోసిన తర్వాత వచ్చే ఆ నాలుగైదు నిమిషాలంటే. అప్పుడు ఒకే ఇంట్లో రెండు ఆవర్జాలుంటాయి, రెండూ అచ్చుగుద్దినట్టుంటాయి. ఏది అసలు? ఎవరో ఒకరు తేల్చేలోపు పాతదాంట్లో ఒక బిల్లు, కొత్తదాంట్లో ఇంకో బిల్లు పడితే, రెండూ నిజమే, రెండూ కలవవు.

2018 అక్టోబర్ 21న, గిట్‌ల్యాబ్ లాగే కోడ్ దాచే గిట్‌హబ్‌కి జరిగింది ఇదే. అమెరికా తూర్పు తీరంలో ఒక నెట్‌వర్క్ పరికరాన్ని మార్చబోతే 43 సెకన్ల పాటు లింకు తెగింది. తూర్పు చచ్చిపోయిందనుకుని ఆటోమేటిక్ వ్యవస్థ పశ్చిమ తీరంలోని మిషన్లని అసలువిగా ప్రకటించింది. లింకు తిరిగొచ్చేసరికి తూర్పు చిట్టాలో పశ్చిమానికి అందని పంక్తులు, పశ్చిమ చిట్టాలో తూర్పుకి తెలియని పంక్తులు. 43 సెకన్ల తెగుడుని అతకడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. అందుకే ఈ వృత్తిలో ఒక మొరటు సూత్రం ఉంది. దాని పొట్టిపేరు స్టోనిత్, విప్పి చెబితే ‘అవతలి మిషన్ నెత్తిన కాల్చు’ అని అర్థం. కొత్తదాన్ని అసలుది అని ప్రకటించే ముందు పాతది ఇక రాయలేదని రూఢి చేసుకోవాలి. మర్యాదగా ఆపమని అడిగితే చాలదు, పవర్ పీకాలి లేదా తీగ పీకాలి.

డేటా చేరితే పని అయినట్టు కాదని చెప్పడానికి బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఉంది. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో 52 లక్షల ఖాతాదారులని పాత యజమాని వ్యవస్థ నుంచి కొత్త యజమాని సబాడెల్ వ్యవస్థలోకి ఒక్కసారిగా మార్చారు. చిత్రం ఏమిటంటే డేటా భద్రంగానే చేరింది, నియంత్రణ సంస్థలే ఆ మాట రాశాయి. కూలింది దాని చుట్టూ కట్టిన ఇల్లు. లక్షల మంది లోపలికి వెళ్లలేకపోయారు, కొందరికి ఇతరుల ఖాతాలు కనిపించాయి. రెండు డేటా సెంటర్లుంటే బరువు పరీక్ష ఒక్కదానిమీదే చేశారని తర్వాత విచారణలో తేలింది. సర్దుకునేసరికి డిసెంబర్ అయింది. 2022లో 4 కోట్ల 86 లక్షల పౌండ్ల జరిమానా పడింది. ఒక్క రాత్రిలో అందరినీ మార్చేయాలన్న పంతం లేకపోతే ఇంత జరిగేది కాదని నా అభిప్రాయం. మన దగ్గర ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మాత్రం 2021 మార్చి 31 దాకా చెల్లాయి. ఆ ఏడాదంతా రెండు పేర్లకీ డబ్బు చేరింది. పాత చిరునామాకి వచ్చిన ఉత్తరాన్ని కొత్త ఇంటికి చేర్చే పోస్టుమాన్ లాంటి ఏర్పాటది. జనం తిట్టుకున్నారు కానీ, తరలింపులో తిట్లు పడటం డబ్బు పోవడం కన్నా నయం.

మందుల కొట్టుకి రెండోసారి వెళ్లింది ఒక శనివారం రాత్రి. అంతకు వారం ముందే కొత్త మిషన్‌ని పాతదానికి నీడగా తగిలించాను. రోజూ ఒకసారి రెండింటినీ పోల్చాను. వరసల సంఖ్య కలిస్తే చాలదని ఈసరికి తెలిసింది. ఒక్కో నెల బిల్లుల మొత్తం, ఒక్కో మందు నిల్వ, రూపాయి పైసలతో సహా కలపాలి. అందరికన్నా పాత ఖాతా ఒకటి, నిన్నటిది ఒకటి, పేరులో వింత అక్షరాలున్నది ఒకటి తెరిచి కళ్లతో చూడాలి. శనివారం పదింటికి కౌంటర్ మూశారు. కుర్రాడు చివరి బిల్లు నంబరు చీటీ మీద రాశాడు: 48,217. పాతదాన్ని ఆపాను, చిట్టా చివరి పంక్తి అవతలికి చేరిందని చూశాను, నెట్‌వర్క్ తీగ పీకేశాను. కొత్తదాన్ని అసలుది చేశాను. మొత్తం ఆరు నిమిషాలు.

సోమవారం పొద్దున్నే యజమాని ఫోన్. గొంతులో తేడా ఉంది.

“ఏమండీ, మొదటి బిల్లు 48,237 అని వచ్చింది. మధ్యలో పంతొమ్మిది బిల్లులు ఎవరికి కొట్టారు?”

ఎవరికీ కొట్టలేదు. డేటాబేస్‌లో నంబర్లు పంచే యంత్రం ప్రతి నంబరుకీ చిట్టాలో ఒక పంక్తి రాయడం దండగని ముప్పై రెండు నంబర్లు ముందుగానే రాసి పెట్టుకుంటుంది. పాత మిషన్‌కి తానెంతవరకు వాడిందో మెమరీలో తెలుసు. కొత్తది చిట్టాని మాత్రమే నమ్ముకుని పెరిగింది. చిట్టాలో ఎక్కడిదాకా రాసి ఉంటే అక్కడిదాకా ఖర్చైపోయాయనుకుని తర్వాతి నంబరు ఇచ్చింది. వాడిన నంబరు మళ్లీ వాడే ప్రమాదం కన్నా, కొన్ని వదిలేయడం మేలన్నది దాని లెక్క. పోస్ట్‌గ్రెస్ రాసినవాళ్లకి అది సబబే. జీఎస్టీ బిల్లు నంబర్లు వరసగా ఉండాలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. బిల్లు నంబరుకి ఆ యంత్రాన్ని వాడకూడదని ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడికి తెలియాలి, తరలింపుకి ముందు చూసుకోవాలని నాకు తోచాలి.

ఆయనకి ఇదంతా చెప్పాను. కాసేపు విని, “అయితే మీ చిట్టాగుమాస్తా చెక్కుబుక్కులో ముందే సంతకాలు పెట్టి ఉంచుకున్నాడన్నమాట” అన్నారు. సాయంత్రం వెళ్లేసరికి లెటర్‌హెడ్ మీద 48,218 నుంచి 48,236 దాకా ఒక్కో నంబరూ విడివిడిగా రాయించి, ఎదురుగా ‘రద్దు’ అని వేయించి, స్టాంపు కొట్టి ఆడిటర్ ఫైల్లో పెట్టేశారు. పాత మిషన్ మెట్ల కిందే ఉంది, తీగ పీకినది పీకినట్టే. దాని మీద స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో రాసిన కాగితం అంటించి ఉంది: ‘మార్చి ఆఖరు దాకా ఎవరూ ముట్టుకోవద్దు’. ఆ రాత నాది కాదు, ఆయనదే.